పేర్లు పలకని మాస్టారు

మా సంకేతశాస్త్రం మాస్టారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను గుడివాడలో, మా జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూంలో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాను. మా ఎం.ఏ. బ్యాచి వాట్సాప్ గ్రూపులో అలికిడి ఆగిపోయి చాలా కాలమైంది. ఎవరి పెళ్ళికో, ఎవరి ఉద్యోగానికో ఏడాదికి ఒకసారి కదిలితే గొప్ప. ఆ మధ్యాహ్నం అందులో గుడ్లవల్లేరు నుంచి ఒక మెసేజి వచ్చింది: “సారు పొద్దున పోయారు. గుండెపోటు. రేపు మధ్యాహ్నం బందరులోనే దహనం.” పన్నెండు మందిమీ చూశాం. అరగంట గడిచినా ఒక్కరూ దండం బొమ్మ కూడా పెట్టలేదు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనకీ నాకూ మధ్య తేలాల్సిన విషయం ఒకటి ఉండిపోయింది. అది తేలకుండానే ఆయన వెళ్ళిపోయారు. పోయినవాళ్ళ గురించి మంచి మాత్రమే రాయడం మర్యాదని నాకు తెలుసు. కానీ ఈయన దగ్గర నేను ఐదు నెలలపాటు నేర్చుకున్న చదువంతా, చూసిందాన్ని చూసినట్టు చెప్పడం గురించే. అందుకని అలాగే చెబుతున్నాను. చదివేవాళ్ళు మన్నించాలి.

గుడ్లవల్లేరు అంటే ఊరే కాదు, మా క్లాస్‌మేట్ కూడా. మాస్టారు మా పేర్లు ఎప్పుడూ పలకలేదు. మొదటిరోజు హాజరుపట్టీని పక్కకి నెట్టేసి, ఒక్కొక్కరినీ లేపి “ఏ ఊరు?” అని అడిగారు. ఆరోజు నుంచీ ఆయనకి మేం ఊళ్ళం. గుడ్లవల్లేరా, పెడనా, చల్లపల్లీ, హంసలదీవీ. నేను గుడివాడని. “గుడివాడా, లే!” అనేవారు. మా నాన్న ఆర్టీసీ కండక్టరు. బస్సులో స్టేజీల పేర్లు కేకేసి కేకేసి ఇంటికొచ్చే మనిషి. కాలేజీలో కూడా నన్ను స్టేజీ పేరుతో పిలుస్తుంటే నాకు ఒళ్ళు మండేది. ఆ పిలుపులు మామధ్య కూడా స్థిరపడిపోయాయి. ఇప్పటికీ ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం.

ఎం.ఏ. తెలుగు రెండో ఏడాదిలో ఆయన చెప్పిన పేపరు సంకేతశాస్త్రం. గుమ్మానికి కట్టిన మామిడాకులు చూసి లోపల శుభకార్యమని ఎలా తెలుస్తుంది, ఎర్రలైటు చూడగానే కాలు బ్రేకు మీదికి ఎందుకు పోతుంది, తెల్లచీర చూసి ఏమనుకుంటాం, తెల్లకోటు చూసి ఏమనుకుంటాం... ఇలాంటివి అందులో విషయం. కంటికి కనిపించేదాన్ని సూచకం అనాలి, దాన్ని చూసి మనం అనుకునేదాన్ని సూచితం అనాలి. సిలబసులో మహా అయితే నాలుగు పేజీలు. వాటితో ఆయన మమ్మల్ని ఐదు నెలలు వేపుకు తిన్నారు.

మనిషి పొట్టి. నడక వేగం. తరగతిలోకి వస్తూనే నల్లగొడుగుని బల్ల మీద అడ్డంగా పెట్టేవారు. తను ముందు బెంచీలో కూర్చుని, మాట్లాడాల్సినవాళ్ళని బోర్డు దగ్గర నిలబెట్టేవారు. నిలబడ్డవాళ్ళ ముఖంలోకి చూసేవారు కాదు. మెడ తిప్పేసి, ఎడమవైపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. మధ్యలో ఉన్నట్టుండి “గట్టిగా!” అని కేక వచ్చేది. రెండు నిమిషాలకి మళ్ళీ “గట్టిగా!” ఆ కేకకి ఉన్న గొంతు కూడా లోపలికి పోయేది.

ప్రతి ఒక్కరూ ఒక అంశం తీసుకుని ఇరవై నిమిషాలు ప్రెజెంటేషన్ ఇవ్వాలన్నారు. మొదట నా వంతే వచ్చింది. నేను ‘నగల ప్రకటనల్లో సంకేతాలు’ అని తీసుకున్నాను. వారంరోజులు నెట్‌లో వెతికి, ఇరవయ్యారు స్లైడ్లు తయారుచేశాను. రాజమహలు, ఏనుగు, పెళ్ళికూతురి కళ్ళు, అన్నీ ఉన్నాయి. మా ఇంట్లో పీజీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఆరోజు పొద్దున మా అమ్మ నా చున్నీ ఇస్త్రీ చేసి ఇచ్చింది. నాలుగో నిమిషంలో మాస్టారు లేచి ప్రొజెక్టరు ఆపేశారు.

“బొమ్మలు పోయాయి. ఇప్పుడు చెప్పు.”

“సార్, స్లైడ్లు లేకుండా...”

“గట్టిగా!”

“స్లైడ్లు లేకుండా కష్టమండి.”

“ఎందుకు కష్టం? ఆ ప్రకటనలు ఎక్కడ చూశావు?”

“నెట్‌లో సార్.”

“వాటి గురించి ఈ ముక్కలన్నీ ఎక్కడ చదివావు?”

నేను ఆరిపోయిన తెరవైపు చూశాను.

“ఆ రాజమహలు గుడివాడలో ఎక్కడుంది? బస్టాండు పక్కనా?”

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. కిటికీలోకి చూస్తూనే అన్నారు: “ఎవరింట్లోనో వండిన కూర తెచ్చి, ఉప్పు సరిపోయిందా అని నన్ను అడుగుతున్నావు. కూర్చో గుడివాడా.”

బాత్‌రూంలో తలుపేసుకుని ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకో మాట సిద్ధంగా ఉంచారు. “నీ వంతు ఆఖర్న మళ్ళీ వస్తుంది. ఈలోగా పదకొండు మందినీ విను.” ఆ మాట కూడా నాకు శిక్షలాగే వినిపించింది. ఆ క్షణంలో ఆయన్ని నేను ద్వేషించాను. కోపంలో వాడే మాట కాదిది, నిజంగానే ద్వేషించాను. బందరు నుంచి గుడివాడ వచ్చే బస్సులో, పెడన దాటేదాకా, ఆయన్ని ఏ మాటలతో తిప్పికొట్టాలో లోలోపల కూడబలుక్కుంటూ కూర్చున్నాను.

మార్కుల పద్ధతి కూడా ఆయనది విచిత్రం. మాట్లాడేవాళ్ళకి పది. వినేవాళ్ళకి ఇరవై. ప్రతి ప్రసంగం తరవాత అరఠావు కాగితం మీద మూడు విషయాలు రాసివ్వాలి: మాట్లాడినవాళ్ళు ఏం చూశారు, ఏం చూడలేదు, నువ్వడిగే ప్రశ్న ఒకటి. ఆ కాగితాలన్నీ ఆయన మధ్యాహ్నం ఖాళీ తరగతిలో పెరుగన్నం తింటూ దిద్దేవారు. కామా పక్కన కామా రాసినా వదిలేవారు కాదు. నేను మొదటి కాగితంలో “చాలా బాగా చెప్పారు” అని రాశాను. దాని కింద “ఇది పొగడ్త. ప్రశ్న ఏది?” అని రాసి, ఇరవైకి రెండు వేశారు.

గుడ్లవల్లేరు వంతు మూడోవారంలో వచ్చింది. వాళ్ళకి వరిపొలం, చేపల చెరువు ఉన్నాయి. స్లైడ్లు ఏమీ తేలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చెప్పాడు.

“సార్, కొంగలు రాకుండా మా చెరువు మీద మెరుపు రిబ్బన్లు కట్టామండి. మొదటివారం ఒక్క కొంగ దిగలేదు. రెండోవారం వచ్చి గట్టు మీద కూర్చుని చూశాయి. మూడోవారం రిబ్బను కట్టిన కర్ర మీదే కూర్చున్నాయండి.”

అందరం నవ్వాం. వాడు నవ్వకుండా కొనసాగించాడు. “రిబ్బను అదేనండి. గాలికి అలాగే మెరుస్తోంది, అలాగే చప్పుడవుతోంది. రిబ్బనులో ఏమీ మారలేదు. కొంగ అనుకునేది మారింది. అంటే, అర్థం రిబ్బనులో లేదేమోనండి. కొంగ దగ్గరుందేమో.”

మాస్టారు కిటికీలోంచి చూపు తిప్పకుండా అడిగారు: “మరి మీ నాన్నగారేం చేశారు?”

“ఎర్ర రిబ్బను తెచ్చి కట్టారండి.”

అప్పుడు నవ్వారాయన. ఐదు నెలల్లో నేను చూసిన నవ్వు అదొక్కటే. నేను ఆరోజు కాగితం మీద, “రిబ్బను వల్ల ప్రమాదం లేదని అన్ని కొంగలకీ విడివిడిగా తెలిసిందా, ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయా?” అని రాశాను. ఆయన దాని పక్కన ఒక టిక్కు పెట్టారు. ఆ టిక్కు చూసి నాకు సంతోషం కలిగింది. సంతోషం కలిగినందుకు నామీద నాకే చిరాకేసింది.

తరవాత పెడన అతను కలంకారీ అచ్చుల గురించి చెప్పాడు. చల్లపల్లి అమ్మాయి వాళ్ళ నాయనమ్మ ముగ్గుల గురించి చెప్పింది. ఏదీ నెట్‌లో దొరికేది కాదు. నేను ప్రశ్నలు రాస్తున్నాను. రాయాలంటే వినాలి కాబట్టి వింటున్నాను. పక్కబెంచీలో ఏడాదిన్నరగా కూర్చుంటున్న మనుషులు ఎక్కడినుంచి వచ్చారో, పొద్దున లేచి ఏం చూస్తారో, నాకు అప్పటిదాకా తెలీదు.

హంసలదీవి నా స్నేహితురాలు. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న పల్లె వాళ్ళది. ఇంట్లో మగవాళ్ళంతా సముద్రం మీద వేటకి వెళ్తారు. తెల్లారకముందే లేచి అవనిగడ్డ వచ్చి, అక్కణ్ణించి బందరు బస్సు పట్టుకునేది. ఆమె ఎంచుకున్న అంశం ‘తుపాను నంబర్లు’. బందరు రేవులో ఎగరేసే ఒకటో నంబరు, మూడో నంబరు హెచ్చరికలు. టీవీలో మనందరం వినేవే.

“మీకు మూడో నంబరంటే వార్త. మాకు మూడో నంబరంటే బోట్లు తెచ్చి కాలవలో కట్టడం. ఏడు వచ్చుద్ది అనుకోండి, అప్పుడు డబ్బాలో బియ్యం మూట కట్టడం. పది వచ్చుద్ది అంటే...”

“వచ్చుద్ది కాదు. వస్తుంది,” అన్నారు మాస్టారు.

“పది వస్తుంది అంటే గొడ్ల పలుపులు విప్పెయ్యడం సార్. కట్టేసి ఉంటే గొడ్డు నీళ్ళలో చచ్చిపోద్ది కదండీ...”

“చచ్చిపోతుంది.”

“చచ్చిపోతుంది. మా నాయనమ్మకి చదువు రాదు, రేడియో ఇనపడదు. పెద్ద ఉప్పెన చూసిన మనిషి. వీధిలో గేదె ఒంటరిగా, మెడలో తాడు లేకుండా నడిచిపోతా కనపడితే చాలు, కర్ర తీసుకుని తుపాను షెల్టరుకి బయల్దేరుద్ది. ఆవిడకి నంబరు అక్కర్లేదు. తాడు లేని గేదే నంబరు.”

పుస్తకంలో పదిసార్లు చదివినా అర్థంకాని సూచకం ఒక్క గేదెతో అర్థమైపోయింది. కానీ మాస్టారు ఆ గేదెని చూడలేదు.

“ఇనపడదు కాదు, వినపడదు. బయల్దేరుద్ది కాదు, బయల్దేరుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి? ఏం, మీ ఊరివాళ్ళకి నోరు తిరగదా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. హంసలదీవి గొంతు పెంచకుండా అంది: “సార్, మీరు వచ్చుద్ది అన్న మాట పట్టుకున్నారు. నేను చెప్పేది ఉప్పెన గురించి. మీరు వస్తుంది అన్నా, నేను వచ్చుద్ది అన్నా, అది ఆగదండి.”

మాస్టారు చాలాసేపటికి “చెప్పు” అన్నారు. ఆమె చివరిదాకా తన మాటల్లోనే చెప్పింది. ఆయన మళ్ళీ ఒక్కటీ దిద్దలేదు.

ఆమెకి అది అక్కడితో అయిపోయింది. నాకే కాలేదు. మూడువారాలు నేను ఆయన్ని తప్ప ఇంకేమీ చూడలేదు. ఎలా నడుస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఎప్పుడు ఏమంటారు, అంతా నోట్‌బుక్కులో రాసుకున్నాను. నా వంతు వచ్చినరోజు బోర్డు మీద నా అంశం పేరు రాశాను: ‘ఒక తరగతిగదిలో అధికార చిహ్నాలు’.

నోట్‌బుక్కు తెరిచాను. వరసగా చెప్పాను. బల్ల మీద అడ్డంగా పెట్టిన గొడుగు, అక్కడ ఇంకెవరి పుస్తకానికీ చోటు లేదని చెబుతుంది. పేర్లకి బదులు ఊళ్ళు పిలవడం, మీరు మనుషులు కారు, బస్సు రూటులో స్టేజీలు అని చెబుతుంది. మాట్లాడేవాళ్ళ వైపు చూడకుండా కిటికీలోకి చూడడం, నీ మాట నాకు అక్కర్లేదని చెబుతుంది. ‘గట్టిగా’ అన్న కేక, నువ్వు చాలవని చెబుతుంది. మీ ఊరివాళ్ళకి నోరు తిరగదా అన్న మాటకి వేరే వివరణ అక్కర్లేదు. “ఇన్ని సూచకాలకీ సూచితం ఒక్కటే,” అన్నాను. “మీరంతా నాకంటే తక్కువని.”

గుడ్లవల్లేరు రాయడం ఆపేసి పెన్ను బెంచీ మీద పెట్టాడు. మాస్టారు మాత్రం ఎప్పటిలాగే కిటికీవైపు తిరిగి, మొత్తం విన్నారు. ఆరోజు ఒక్కసారి కూడా గట్టిగా అనలేదు. నేను అరుస్తూనే చెప్పానేమో.

“వీటికి ఇంకో అర్థం ఉండొచ్చేమో చూశావా?” అని అడిగారు.

“చూశానండి. కనపడలేదు.”

“అడిగావా?”

“ఎవర్ని సార్?”

“నన్ను.”

“మిమ్మల్ని అడిగే ధైర్యం ఈ క్లాసులో ఎవరికుంది సార్?”

ఆయన ఎడం చెవి మీద వేలు పెట్టి చూపించారు. “నా ఎడం చెవి పనిచెయ్యదు. చిన్నప్పుడే పోయింది. కుడి చెవి మీవైపు పెట్టాలంటే ముఖం కిటికీవైపు తిరుగుతుంది. గట్టిగా అంటే నాకు వినపడలేదని.”

నేను మూడువారాలు కట్టుకున్న గోడలో సగం అక్కడే కూలిపోయింది. వెనక ఎవరో నిట్టూర్చారు. నన్ను చూసి జాలిపడ్డారో, ఆయన్ని చూసి జాలిపడ్డారో తెలీదు. అక్కడ కూర్చుండిపోతే మర్యాదగా ఉండేది. కూర్చోలేదు.

“చెవి సంగతి నాకు తెలీదు సార్. అడక్కపోవడం నా తప్పే. కానీ చెవి వినపడకపోతే గట్టిగా అంటారు. మీ ఊరివాళ్ళకి నోరు తిరగదా అని అనరు కదండీ.”

అప్పుడు ఆయన మెడ తిప్పి నా ముఖంలోకి చూశారు. “అది చెవి చేసిన పని కాదు,” అన్నారు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు నా మార్కుల కాగితం చేతికొచ్చింది. పదికి తొమ్మిది. కింద రెండే వాక్యాలు: “కోపం వల్ల బాగా చూశావు. కోపం వల్లే అడగలేదు.” హంసలదీవికి క్షమాపణ చెబుతారని నేను రోజూ ఎదురుచూశాను. చెప్పలేదు. తన తప్పని ఒప్పుకున్న మనిషి, ఆ తప్పు ఎవరి మీద జరిగిందో ఆ మనిషితో ఒక్క మాట అనలేకపోయారు. ఇది నేను ఆయనకి ఇప్పటికీ మాఫీ చెయ్యలేదు.

నేను ప్రెజెంటేషన్ ఇచ్చినరోజు సాయంత్రమే బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు కోసం నిలబడ్డ హంసలదీవి దగ్గరికి వెళ్ళాను. మెచ్చుకుంటుందని అనుకున్నాను. ఆమె ముఖం తిప్పుకుంది.

“ఏంటే, ఏమైంది?”

“నన్నెందుకు లాగావు అందులోకి?”

“నీ తరఫునే కదా మాట్లాడాను!”

“నా తరఫున నేను మాట్లాడుకున్నాగా. ఆయనకి జవాబు చెప్పింది నేను. అది అయిపోయింది. నువ్వు మళ్ళీ తీసి అందరి ముందూ పెట్టావు. తాడు లేని గేదె గురించి చెప్పావా? నేను చెప్పిన దాంట్లో ఒక్క ముక్క చెప్పావా? లేదు. నన్నన్న మాటొక్కటే చెప్పావు. నీ ప్రెజెంటేషన్‌లో నేను ఒక పాయింటునయ్యాను.”

బస్సు వచ్చింది. ఆమె ఎక్కేసింది. పరీక్షలు అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. ఆ ఏడాది నేను విన్న ప్రసంగాలన్నిటిలోనూ బస్టాండులో రెండు నిమిషాలు విన్న ఇదే నాకు ఎక్కువ నేర్పింది. దానికి ప్రశ్న కూడా రాసుకోలేకపోయాను.

ఎం.ఏ. అయ్యాక పరిశోధనకి దరఖాస్తు చేద్దామనుకున్నాను. నా పని తెలిసిన అధ్యాపకుడి సిఫారసు ఉత్తరం కావాలన్నారు. సిగ్గు చంపుకుని ఆయన దగ్గరికే వెళ్ళాను.

“నీ గురించి నిజం రాయాలంటే తెలివైనదని రాయాలి, కోపిష్టిదని రాయాలి. రెండూ రాయమంటావా?”

“రాయండి సార్.”

“రెండోది చూస్తే వాళ్ళు తీసుకోరు. మొదటిదొక్కటే రాస్తే అబద్ధం. అందుకని రాయను.”

ఇంకొకరి ఉత్తరంతో దరఖాస్తు పెట్టాను. సీటు రాలేదు. ఆయన ఉత్తరం లేకపోవడం వల్లే రాలేదా అంటే చెప్పలేను. చెప్పలేకపోయినా ఇన్నేళ్ళూ ఆ నేరం ఆయన మీదే ఉంచాను. తేలాల్సిన విషయం అని మొదట్లో అన్నది ఇదే. ఏదో ఒకరోజు ఎదురుపడి, నాది కోపమైతే మీదేమిటి సార్, అని అడగాలనుకున్నాను. పదిసార్లు బందరు వెళ్ళాను, వేరే పనుల మీద. ఆయన ఇంటివైపు ఒక్కసారీ వెళ్ళలేదు. ఈసారి కూడా అడగలేదు.

ఇప్పుడు నేనూ పాఠం చెబుతున్నాను. ఇంటర్ పిల్లలకి తెలుగు. నా క్లాసులో కూడా మాట్లాడ్డానికి పది, వినడానికి ఇరవై. ఈ పద్ధతి ఎక్కడిదని తోటి లెక్చరర్లు అడిగితే “మా మాస్టారిది” అంటాను. ప్రశ్నల కాగితాలు దిద్దుతుంటే, ఎప్పుడూ నోరెత్తని పిల్ల ఒకతి రాసిన ప్రశ్న చూసి కుర్చీలోంచి లేచి నిలబడిన రోజులున్నాయి. అది ఆయన పెట్టిన భిక్షే. కాదనను.

ఇంకొకటి కూడా ఆయన దగ్గర్నుంచే వచ్చింది. నిరుడు ఒక పిల్ల వ్యాసం చదువుతూ తడబడితే, “ఇంట్లో ఎవరూ చదువుకోలేదా?” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి చాలా తేలిగ్గా వచ్చింది. ఆ పిల్ల కూర్చుంది. నేను బోర్డువైపు తిరిగి చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను, ఏం రాయాలో తెలీలేదు. గంట కొట్టాక ఆ పిల్లని ఆపి, అందరూ వింటుండగానే “అలా అనకుండా ఉండాల్సిందమ్మా, తప్పు నాది” అని చెప్పాను. ఆయన కంటే మంచిదాన్ని అనిపించుకోవాలన్న పంతంతోనే చెప్పానేమో. పంతంతో చెప్పినా ఆ పిల్ల మర్నాడు మళ్ళీ చదివింది.

హంసలదీవి ఇప్పుడు నాగాయలంక దగ్గర ఒక బడిలో టీచరు. రెండేళ్ళ కిందట నేను పరీక్షల డ్యూటీ మీద అవనిగడ్డ వెళ్తే, తనే వచ్చి కలిసింది. “ఇంకా కోపమేనా?” అని అడిగాను. “కొంచెం ఉంది. ఉండనీ,” అని, నాకోసం తెచ్చిన ఎండురొయ్యల పొట్లం చేతిలో పెట్టింది. అప్పట్నించీ మాట్లాడుకుంటున్నాం.

మాస్టారి కబురు వచ్చిన సాయంత్రం ఫోన్ చేసింది.

“నేను రేపు వెళ్తున్నాను. వస్తావా?”

“ఆయన నిన్ను అంత మాటన్నాడు.”

“అన్నాడు. నేనూ అన్నాను. మా ఇద్దరికీ చెల్లు. నీకే అవ్వలేదు. రా.”

సెలవు పెట్టి వెళ్ళాను. గుడ్లవల్లేరు రైల్వే గేటు దగ్గర బస్సు ఆగిపోయింది. తన బస్సు కూడా ఆలస్యమైంది. మేం ఇద్దరం బందరు కోనేరు సెంటర్లో కలుసుకుని, ఆటో ఎక్కి, ఇల్లు వెతుక్కుని వెళ్ళేసరికి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. మగవాళ్ళంతా వెంట వెళ్ళారు. గుడ్లవల్లేరు కూడా వాళ్ళతోనే ఉన్నట్టు తరవాత తెలిసింది. ఎవరో ఒకావిడ వరండా కడుగుతోంది. మాస్టారి భార్య గుమ్మంలో గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఏలూరు నుంచి వచ్చిన కూతురు లోపల ఏడుస్తోంది. ఆవిడ మాత్రం ఏడవడం లేదు.

“ఆయన దగ్గర చదువుకున్నారామ్మా?” అని అడిగారు.

“అవునండి.”

“తిట్టేవారా?”

నేను ఏం చెప్పాలా అని చూస్తుంటే హంసలదీవి అంది: “తిట్టేవారండి.”

ఆవిడ తలూపారు. “ఇంట్లోనూ అంతేనమ్మా. మీకైతే పాఠమన్నా చెప్పేవారు.”

ఆ మాటకి మాకు నవ్వూ రాలేదు, ఓదార్పూ తోచలేదు. ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాం. ఆయన గురించి అడిగారు. హంసలదీవి తను చేసిన ప్రెజెంటేషన్ గురించి చెప్పింది, గేదె గురించి చెప్పింది. ఆయనన్న మాట చెప్పలేదు. నేను నా గురించి చెప్పబోయి, చివరికి “వినడం నేర్పారండి” అని మాత్రం అన్నాను. అది అబద్ధం కాదు. అంతకంటే ఎక్కువ చెబితే అబద్ధమయ్యేది.

ఆకాశం మబ్బు పట్టి, గాలి లేచింది. ఆవిడ పెరటివైపు చూసి, లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నారు. “నిన్న పొద్దున ఉతికి ఆరేశానమ్మా. ఎవరూ తియ్యలేదు. కాస్త తెచ్చిపెడతారా? తడిసిపోతాయి.”

పెరట్లో తీగ మీద ఆయన చొక్కాలు నాలుగు, లుంగీ ఒకటి, తువ్వాలు ఒకటి ఉన్నాయి. ఒకటిన్నర రోజు ఎండకీ మంచుకీ బిరుసెక్కిపోయాయి. హంసలదీవి క్లిప్పులు తీసి అందిస్తుంటే నేను ఒక్కొక్కటీ చేతి మీద వేసుకున్నాను. పొట్టి మనిషి కదా, చేతులు కూడా పొట్టివే. ఒక చొక్కాకి మెడ దగ్గర బొత్తాం ఊడిపోతే వేరే రంగు బొత్తాం కుట్టి ఉంది. అక్కడే నిలబడి మడతపెట్టాం. ఒక అంచు తను పట్టుకుంది, ఇంకో అంచు నేను పట్టుకున్నాను. చినుకులు మొదలయ్యాయి.

మడతపెట్టిన బట్టలు రెండు చేతుల్లోనూ పట్టుకుని లోపలికి వచ్చాను. “ఇవి ఎక్కడ పెట్టమంటారండీ?” అని అడిగాను.

ఆవిడ బీరువావైపు చూశారు, మంచంవైపు చూశారు. మళ్ళీ నా చేతులవైపు చూశారు. బయట వాన పెద్దదైంది. నేను అలాగే పట్టుకుని నిలబడ్డాను.